ఈ-ఇన్‌వాయిస్: వ్యాపారుల నోట వినే అపోహలు, వాస్తవాలు

విజయవాడలో జీఎస్‌టీ ప్రాక్టీస్ చేస్తున్నాను. మా క్లయింట్లలో చాలామంది ఆటోనగర్ వాళ్లే. స్పేర్ పార్టులు, టైర్లు, ఇనుము అమ్మేవాళ్లు. 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకు ఈ-ఇన్‌వాయిస్ (అమ్మకం బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం) వచ్చినప్పుడు వీళ్లలో ఎవరూ పట్టించుకోలేదు. ఆ పరిమితి 100, 50, 20, 10 కోట్లకు దిగుతూ వచ్చి, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల దగ్గర ఆగింది. అప్పటి నుంచి ఒకే రకం అపోహలు మళ్లీ మళ్లీ వింటున్నాను. వాటివల్ల నష్టపోయినవాళ్లనూ చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "ఈ ఏడాది మా టర్నోవర్ 3 కోట్లే. మాకు వర్తించదు."

అందరికంటే ఎక్కువమందిని ముంచింది ఇదే. చట్టం చూసేది ఈ ఏడాది టర్నోవర్‌ను కాదు. 2017-18 నుంచి గడిచిన ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో 5 కోట్లు దాటినా చాలు, మీరు చేయాల్సిందే. తర్వాత వ్యాపారం సగానికి పడిపోయినా మినహాయింపు రాదు.

మా దగ్గరికి వచ్చిన ఒక స్పేర్ పార్టుల వ్యాపారి కథ చెబుతాను. 2018-19లో ఆయన టర్నోవర్ 6 కోట్లు దాటింది. కరోనా తర్వాత 3 కోట్లకు తగ్గింది. ఆ పాత లెక్క ఆయనకు గుర్తులేదు, గుమాస్తాకు అసలే తెలియదు. ఆయన దగ్గర సరుకు కొనే హైదరాబాద్‌లోని ఒక పెద్ద పార్టీ, తమ ఆడిట్‌లో ఆయన బిల్లుల మీద ఐఆర్‌ఎన్ (ప్రతి బిల్లుకు పోర్టల్ ఇచ్చే రిఫరెన్స్ నంబరు) లేదని పట్టుకుని, ఐదు నెలల పేమెంట్ ఆపేసింది. సరుకు వెళ్లింది, పన్ను కట్టాడు, రిటర్నులు వేశాడు. అయినా డబ్బు రాలేదు. ఆ టెన్షన్‌లో ఆయన మనిషే సగమయ్యాడు.

టర్నోవర్ లెక్క పాన్ నంబరు మీద ఉంటుంది. విజయవాడ కొట్టుకు 37తో మొదలయ్యే జీఎస్‌టీ నంబరు, హైదరాబాద్ బ్రాంచికి 36తో మొదలయ్యేది ఉన్నా, పాన్ ఒకటే అయితే రెండూ కలిపే లెక్క. పన్ను లేని అమ్మకాలు, ఎగుమతులు కూడా అందులో కలుస్తాయి. పోర్టల్‌లో మీ పేరు ఎనేబుల్ కాలేదు కదా అని ఊరుకోకండి. వర్తిస్తుందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత మీదే. ఎనేబుల్ కాకపోతే మనమే చేసుకోవచ్చు.

అపోహ: "మేం ట్యాలీలో బిల్లు కొట్టి పీడీఎఫ్ వాట్సాప్ చేస్తున్నాం. అదే ఈ-ఇన్‌వాయిస్ కదా?"

కాదు. బిల్లు మీరు మీ సాఫ్ట్‌వేర్‌లోనే తయారుచేస్తారు. దాని వివరాలు ఇన్‌వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు వెళ్లాలి. అక్కడ సరిచూసి 64 అక్షరాల ఐఆర్‌ఎన్, సంతకం చేసిన క్యూఆర్ కోడ్ ఇస్తారు. క్యూఆర్ కోడ్ బిల్లు మీద ముద్రించాకే అది పూర్తవుతుంది. ఇవి లేని బిల్లును జీఎస్‌టీ రూల్ 48(5) ప్రకారం అసలు ఇన్‌వాయిస్‌గానే లెక్కించరు. దీని అర్థం నిదానంగా ఆలోచించండి. మీకు జరిమానా పడడం ఒక ఎత్తు. మిమ్మల్ని నమ్మి కొన్నవాళ్ల ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తమ పన్నులోంచి తగ్గించుకునే వీలు) ప్రమాదంలో పడడం ఇంకో ఎత్తు. పదేళ్ల పార్టీ ఒక్క రోజులో చేజారేది అక్కడే.

అపోహ: "నెలాఖరున రిటర్న్ వేసేటప్పుడు అన్నీ ఒకేసారి చేసేద్దాం."

సరుకు కొట్టు దాటేలోపే బిల్లు ఉండాలని చట్టం చెబుతోంది. ఐఆర్‌ఎన్ లేనిదే అది బిల్లు కానప్పుడు, నెలాఖరు దాకా ఆగే వీలెక్కడిది? చాలామంది పట్టుకునేది 30 రోజుల మాట. 10 కోట్లు, ఆపైన టర్నోవర్ ఉన్నవాళ్ల బిల్లును 30 రోజులు దాటాక పోర్టల్ తీసుకోదు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ నియమం ఉంది, 100 కోట్ల వాళ్లకు అంతకు ముందే వచ్చింది. అది పోర్టల్ తలుపు మూసే గడువే తప్ప, అంతవరకు ఆగొచ్చన్న అనుమతి కాదు. దారిలో లోడు ఆపిన అధికారి ముందుగా స్కాన్ చేసేది క్యూఆర్ కోడే.

అపోహ: "తప్పు పడితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు."

24 గంటల్లోపే. అదీ మొత్తం బిల్లునే, అందులో ఒక లైను మాత్రమే రద్దు చేయడం కుదరదు. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసుకునే పత్రం) నడుస్తుంటే ముందు దాన్ని రద్దు చేయాలి. రద్దు చేసిన నంబరు మళ్లీ వాడకూడదు. ఒక రోజు దాటితే సాధారణంగా క్రెడిట్ నోటే (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ కొన్నవాళ్లకు ఇచ్చే పత్రం) దారి. ఆ క్రెడిట్ నోట్‌కు కూడా ఐఆర్‌ఎన్ తీసుకోవాలి, దీన్ని చాలామంది మరచిపోతారు.

ఇంకొన్ని, క్లుప్తంగా

కౌంటర్ దగ్గర జీఎస్‌టీ నంబరు లేని కస్టమర్‌కు కొట్టే బిల్లుకు ఇది అక్కర్లేదు. కొనేవాళ్ల టర్నోవర్ ఎంతన్నది అనవసరం, అమ్మేవాళ్లదే చూస్తారు. టీడీఎస్ (చెల్లింపు చేసేటప్పుడే పన్ను కోయడం) కోసం మాత్రమే రిజిస్ట్రేషన్ తీసుకున్న ప్రభుత్వ శాఖకు అమ్మినా ఈ-ఇన్‌వాయిస్ కావాలని 2023 జులైలో సర్క్యులర్ ఇచ్చారు. కాంట్రాక్టర్లు గమనించండి. డిజిటల్ సంతకం కొనాలని ఎవరైనా చెబితే నమ్మకండి, సంతకం పోర్టలే చేస్తుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కూడా తప్పనిసరి కాదు. రోజుకు నాలుగైదు బిల్లులు కొట్టేవాళ్లకు ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) ఉచితంగా ఇచ్చే ఆఫ్‌లైన్ టూల్ సరిపోతుంది.

మీరు ఈ ఏడాదే మొదటిసారి 5 కోట్లు దాటుతుంటే, వచ్చే ఏప్రిల్ 1 నాటి మొదటి బిల్లు నుంచే మొదలుపెట్టాలి. మార్చిలోనే ప్రతి పార్టీ జీఎస్‌టీ నంబరు, పిన్ కోడ్ సరిచూసుకోండి. పిన్ కోడ్ ఆ రాష్ట్రానిది కాకపోతే పోర్టల్ బిల్లును వెనక్కి కొడుతుంది. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు (సరుకు రకాన్ని తెలిపే అంకెలు) ఆరంకెలకు మార్చండి. బిల్లు నంబరు సున్నాతో మొదలు కాకుండా, 16 అక్షరాలు దాటకుండా కొత్త సిరీస్ పెట్టుకోండి. పోర్టల్ లాగిన్ ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో కూడా ముందే తేల్చుకోండి. లోడు లారీ ఎక్కాక, ఆ ఫోన్ ఉన్న మనిషి ఊళ్లో లేకపోతే బిల్లు ఆగిపోతుంది.