కమికత్సు: కొండవాలు మీద జీవనం

జపాన్ నాలుగు ప్రధాన దీవుల్లో అతి చిన్నదైన షికోకులో, తొకుషిమా ప్రాంతపు కొండల నడుమ, కత్సుఉరా నది ఎగువన కమికత్సు ఉంది. 1955లో రెండు గ్రామాలను కలిపి ఏర్పాటు చేసిన ఈ ఊరు పరిపాలన లెక్కల్లో పట్టణమే అయినా, నిజానికి దాదాపు 110 చదరపు కిలోమీటర్ల మేర చెదిరిపోయిన చిన్న చిన్న పల్లెల సముదాయం. జనాభా సుమారు 1,400. వారిలో సగానికి పైగా 65 ఏళ్లు దాటినవారు. భూమిలో ఎనభై శాతానికి మించి అడవే. అందులో ఎక్కువ భాగం రెండో ప్రపంచ యుద్ధానంతరం కలప కోసం నాటిన సుగి (జపాన్ దేవదారు) చెట్లు కాగా, విదేశీ కలప చవకగా దిగుమతి కావడంతో వాటికి గిరాకీ పడిపోయింది. చదునైన నేల లేకపోవడం వల్ల కషిహరా వంటి చోట్ల తరతరాలుగా కొండవాలును మెట్లుగా చెక్కి వరి పండిస్తున్నారు.

కలప తర్వాత ఊరిని ఆదుకున్నవి కమలా తోటలు. 1981 ఫిబ్రవరిలో వచ్చిన తీవ్రమైన చలికి ఆ చెట్లు కూడా చాలావరకు చనిపోయాయి. ఆ దెబ్బ నుంచి కోలుకునే ప్రయత్నంలో, స్థానిక రైతు సహకార సంఘంలో పనిచేస్తున్న యొకొఇషి తొమొజి 1986లో ఆకుల వ్యాపారాన్ని మొదలుపెట్టారు. జపాన్ భోజనశాలల్లో వంటకం పక్కన ఋతువుకు తగిన ఆకునో పూరెమ్మనో అలంకారంగా పెట్టడం ఆచారం. మాపుల్, ఖర్జూరాన్ని పోలిన తీపి ఉండే కాకి (పెర్సిమన్) పండు చెట్టు ఆకు, ఉమె (జపాన్ ప్లమ్) పూల కొమ్మలు ఇలా 300కు పైగా రకాలు ఇప్పుడు ఇక్కడినుంచి వెళుతున్నాయి. కోసేవారిలో చాలామంది వృద్ధ మహిళలు. వారు కంప్యూటర్‌లోనో టాబ్లెట్‌లోనో ఆర్డర్లు చూసి, ముందుగా అందుకున్నవారికే ఆ ఆర్డరు దక్కుతుంది గనుక వెంటనే స్పందించి, తోటకు వెళ్లి, మచ్చలేని ఆకులను ఒకే పరిమాణంలో ఏరి పెట్టెలో సర్దుతారు.

ఈ వ్యాపారానికి కొండవాలే కలిసివచ్చిందని నా అభిప్రాయం. ఇక్కడి పల్లెలు సముద్రమట్టానికి సుమారు 100 నుంచి 700 మీటర్ల ఎత్తు వరకు వ్యాపించి ఉన్నాయి. ప్రతి 100 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 0.6 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, పై పల్లెకూ కింది పల్లెకూ సుమారు మూడున్నర డిగ్రీల తేడా ఉంటుంది. శరదృతువులో చలి పెరిగేకొద్దీ ఆకులోని పత్రహరితం విచ్ఛిన్నమై, మాపుల్‌లో ఆంథోసయనిన్ అనే ఎరుపు వర్ణకం పేరుకుంటుంది. ఈ మార్పు పైనుంచి కిందికి దిగుతూ వస్తుంది గనుక, ఒకే జాతి చెట్టు నుంచి ఎర్రని ఆకు ఎక్కువ రోజులపాటు దొరుకుతుంది. కలపకూ వరికీ అడ్డంకిగా నిలిచిన నిటారైన నేల ఆకుల రైతులకు ఋతువును పొడిగించి ఇచ్చింది.

అవా బాంచా అనే ఇక్కడి తేనీటి తయారీ కూడా ప్రత్యేకమే. లేత చిగుళ్లను కాక, నడి వేసవిలో ముదిరిన ఆకులను దూసి, పెద్ద పాత్రలో ఉడికించి, నలిపి, పీపాల్లో గాలి చొరబడకుండా దట్టించి, పైన బరువు రాళ్లు పెడతారు. ఉడికించడంతో ఆకును నల్లబరిచే ఎంజైములు నశిస్తాయి; గాలి లేని పీపాలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా వారాల తరబడి పనిచేసి ఆకును పులియబెడుతుంది. తరువాత ఎండలో ఆరబెట్టిన ఆ ఆకు కాచితే సన్నని పులుపు తగులుతుంది. ఈ తయారీ విధానాన్ని జపాన్ ప్రభుత్వం 2021లో ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది.

ప్రపంచానికి మాత్రం కమికత్సు తన చెత్త వల్లే తెలిసింది. చెత్తను కాల్చినప్పుడు వెలువడే విషపదార్థమైన డయాక్సిన్‌పై నియంత్రణలు కఠినం కావడంతో ఊరు తన చిన్న దహన యంత్రాలను మూసివేసి, 2003లో చెత్తను పూర్తిగా నిర్మూలించే లక్ష్యాన్ని ప్రకటించింది. ఇక్కడ చెత్త బండి తిరగదు. వంటింటి వ్యర్థాలను ఇంట్లోనే ఎరువుగా మార్చుకుని, మిగతావాటిని కడిగి ఆరబెట్టి, ఊరి చెత్త సేకరణ కేంద్రానికి తెచ్చి నలభైకి పైగా రకాలుగా వేరు చేస్తారు. బండి నడపలేని వృద్ధుల ఇళ్ల నుంచి తీసుకెళ్లే ఏర్పాటు ఉంది. పునర్వినియోగం దాదాపు ఎనభై శాతానికి చేరింది, జపాన్ సగటు ఇరవై శాతమే. మిగిలిన వాటా డైపర్లు, పీవీసీ అనే ప్లాస్టిక్ వస్తువులు, రెండు మూడు పదార్థాలను విడదీయలేనట్లు అతికించిన చెప్పులు వంటివి. వాటిని ఎంత ఓపికగా వేరు చేసినా తిరిగి వాడే దారి లేదు. మార్పు ఆ వస్తువులను తయారుచేసే కర్మాగారాల్లోనే జరగాలి.