గ్రూపు పేరుకి కూడా రూల్సా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆన్‌లైన్ చర్చా గ్రూపుల పేర్లు ఎలా ఉండాలి, ఎంత పొడవుండాలి అని పద్ధతులు రాయడం నా పనిలో ఒక భాగం. కొత్త గ్రూపు అడిగినవాళ్లకు ఆ కాగితం ఇవ్వగానే "పేరుకి కూడా రూల్సా?" అంటారు. ఒక్కో రూలు వెనక ఎక్కడో ఏదో తెగిపోయిన కథ ఉంటుంది. అది తెలియకపోవడం వల్లే ఈ అపోహలన్నీ.

అపోహ: పేరు పైపై ముస్తాబు. ఏది పెట్టినా ఒకటే.

1980ల్లో యూజ్‌నెట్‌లో (వెబ్ రాకముందు నుంచీ ఉన్న చర్చా గ్రూపుల వ్యవస్థ) ఒక గ్రూపు ఎంత దూరం చేరుతుందన్నది చాలావరకు పేరే తేల్చేది. సందేశాలు ఫోన్ లైన్ల మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి వెళ్లేవి, ఆ బిల్లు దారిలో ఉన్న సంస్థల మీద పడేది. 1986-87లో పాత 'నెట్.' గ్రూపుల పేర్లన్నీ మార్చి కంప్ (కంప్యూటర్లు), మిస్క్ (ఇతరాలు), న్యూస్ (యూజ్‌నెట్ సంగతులు), రెక్ (వినోదం), సై (సైన్స్), సాక్ (సమాజం), టాక్ (వాదోపవాదాలు) అని ఏడు వర్గాలు చేశారు. గొడవలు ఎక్కువయ్యే గ్రూపులు 'టాక్' కిందికి వెళ్లాయి. వాటి ఖర్చు మాకొద్దు అనుకున్నవాళ్లు ఆ ఒక్క మాట చూసి మొత్తం ఆపేసుకోవచ్చు.

అపోహ: 14 అక్షరాలు దాటకూడదనే పాత రూలు ఎవరి చాదస్తమో.

యూజ్‌నెట్ కంప్యూటర్లను నడిపిన పాత యూనిక్స్‌లో ఫైలు పేరుకి 14 బైట్లే చోటు (ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు). గ్రూపు పేరులో చుక్కల మధ్య ఉన్న ప్రతి ముక్కా డిస్కు మీద ఒక డైరెక్టరీ (ఫోల్డరు), అందుకే ముక్కకి 14. మన తెలుగువాళ్ల గ్రూపు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు ఇంగ్లీషు స్పెల్లింగులో ఇందులో హాయిగా ఇమిడింది. ముక్క మొత్తం అంకెలే ఉండకూడదన్న రూలు నాకు మరీ ఇష్టం. సందేశాలు 1, 2, 3 అనే పేర్లతో ఫైళ్లుగా అదే డైరెక్టరీలో పడేవి. '2000' అని ఉపగ్రూపు పెడితే రెండువేలో సందేశం వచ్చిన రోజు రెండూ ఢీకొంటాయి.

అపోహ: పేరుకి హద్దు 25 అక్షరాలంటే మనం లెక్కపెట్టే 25 అక్షరాలే.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మనం 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాస్తాం. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో ఒక్కో కోడ్ ఇచ్చే పద్ధతి) లెక్కలో అది ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ కోడ్‌లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు, అంటే 18 బైట్లు. పాత యూనిక్స్ 14లో మన ఒక్క అక్షరం కూడా పట్టేది కాదన్నమాట!

'తెలుగు సాహిత్యం' తీసుకోండి. కంటికి ఆరు అక్షరాలు, మధ్యలో ఖాళీ. యూనికోడ్‌లో 15, బైట్లలో 43. డేటాబేసులో 40 బైట్ల దగ్గర కోసేస్తే సున్నా ఎగిరిపోయి 'తెలుగు సాహిత్య' మిగులుతుంది. 38 దగ్గర కోస్తే 'య' సగంలో తెగి, నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం ప్రత్యక్షమవుతుంది. వికీపీడియాలో వ్యాసం శీర్షికకు 255 బైట్ల హద్దు ఉంది. ఇంగ్లీషుకి అది 255 అక్షరాలు, తెలుగుకి 85 కోడ్‌లే. అందుకే పరిమితి రాసేటప్పుడు 'అక్షరాలు' అని వదిలేయను, కోడ్‌లా బైట్లా అన్నది కూడా రాస్తాను. పరీక్షకి మాత్రం ఎప్పుడూ 'స్త్రీ'నే టైప్ చేస్తాను.

అపోహ: తెలుగులో పేరు పెట్టాం కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగుతో పనిలేదు.

టెలిగ్రామ్‌లో గ్రూపు పేరు తెలుగులో ఉండొచ్చు కానీ, పబ్లిక్ లింకులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరే ఉండాలి. మామూలుగా ఐదుకి తక్కువ కాకూడదు, 32 దాటకూడదు. 'త'కి టీ ఒక్కటేనా, పక్కన హెచ్ కూడానా అన్నది ముందే తేల్చుకోండి. లేకపోతే సగం మంది వేరే గ్రూపులో తేలతారు.

అపోహ: పెద్ద వర్గం ముందు, అసలు విషయం చివర. ఎప్పటికీ అదే సరైన వరుస.

యూజ్‌నెట్‌లో అది సరే. అక్కడ జాబితా అక్షర క్రమంలో ఉంటుంది, పేరు పూర్తిగా కనిపిస్తుంది. ఫోన్లో అలా కాదు. కొత్త సందేశం వచ్చిన గ్రూపు పైకి వస్తుంది, పేరు మొదటి రెండు మూడు మాటల దగ్గరే తెగిపోతుంది.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులు నాలుగూ 'శ్రీ' దగ్గర మొదలై సంఘం పేరు మొత్తం చదివాక గానీ అసలు సంగతికి వచ్చేవి కావు. నీళ్ల ట్యాంకర్ గురించి నేను పెట్టిన మెసేజ్ కార్తీక వనభోజనాల గ్రూపులో పడింది. రూల్స్ రాసేవాణ్ణి నేనే, పప్పులో కాలేసిందీ నేనే. ఇప్పుడు 'నీళ్లు - బి బ్లాక్', 'పార్కింగ్ - బి బ్లాక్' అని మార్చాం. సెక్రటరీ గారికి మాత్రం ముందున్న 'శ్రీ' తీసేశామని ఇంకా కోపం తగ్గలేదు.