అంటించిన రెప్పవెంట్రుకలు ఎన్నాళ్ళుంటాయి? పెళ్ళికూతురికీ చెల్లెళ్ళకూ పెద్దమ్మ ఉత్తరం

పిల్లలూ,

ఫ్యామిలీ గ్రూపులో ఈ మధ్య ఒకటే చర్చ. పెళ్ళికి లాష్ ఎక్స్‌టెన్షన్లు, అంటే రెప్పలకి అంటించే కృత్రిమ వెంట్రుకలు, పెట్టించుకోవాలా వద్దా, పెట్టించుకుంటే ఎన్నాళ్ళుంటాయి, తలంటు పోస్తే ఊడిపోతాయా, కాటుక పెట్టుకోవచ్చా అని. చివరికి “పెద్దమ్మ కంటాసుపత్రిలో నర్సుగా చేసింది కదా” అని నామీద పడేశారు. ఫోనులో చెబితే సగం వింటారు, మిగతా సగం రీల్స్ చూస్తారు. అందుకే రాస్తున్నాను. వద్దని చెప్పడానికి కాదులెండి. పెట్టించుకునేదేదో తెలిసి పెట్టించుకుంటారని.

ముందు మీరడిగిన ప్రశ్న. సెలూన్లో “ఆరు వారాలు, ఎనిమిది వారాలు” అంటారు. అది చివరి వెంట్రుక రాలేదాకా వేసిన లెక్క. చూడ్డానికి నిండుగా ఉండేది మాత్రం రెండు మూడు వారాలే. ఆ తర్వాత అక్కడక్కడా ఖాళీలు కనిపిస్తాయి, కొన్ని పక్కకి తిరుగుతాయి. అప్పుడు ఆ ఖాళీలు నింపడానికి, అంటే ఫిల్లింగ్‌కి, రమ్మంటారు. సగం కంటే ఎక్కువ రాలాక వెళితే ఫిల్లింగ్ ఒప్పుకోరు, కొత్త సెట్ కింద డబ్బు తీసుకుంటారు. ఇంత ఖర్చు ఒక్కసారితో పోయేది కాదని ఇక్కడే అర్థం చేసుకోండి.

ఎందుకు రాలతాయంటే, ఎక్స్‌టెన్షన్‌ని అంటించేది చర్మానికి కాదు, మీ సొంత రెప్పవెంట్రుకకి. ఒక్కో దానికి ఒక్కోటి. మీ వెంట్రుక రాలిన రోజు దానితో పాటు అదీ వెళ్ళిపోతుంది. పై రెప్పకి సుమారుగా 90 నుంచి 150 దాకా వెంట్రుకలుంటాయి. తల వెంట్రుక ఏళ్ళ తరబడి పెరుగుతూ పోతుంది కానీ రెప్పవెంట్రుక పెరిగే కాలం నెలా నెలన్నర మాత్రమే. తర్వాత పెరగడం ఆగి, కొన్నాళ్ళు అలాగే ఉండి, రాలిపోతుంది. దాని చోట ఇంకోటి మొలుస్తుంది. మనకు తెలియకుండానే ఇది రోజూ జరుగుతుంది. రెండు కళ్ళకూ కలిపి రోజుకు మూడు నాలుగు రాలినా, మూడు వారాలు గడిచేసరికి 60, 80 పోయినట్టే. మామూలుగా అయితే ఎవరూ గమనించరు. నల్లటి పొడవాటి ఎక్స్‌టెన్షన్ దిండు మీద కనబడేసరికి మాత్రం “అయ్యో ఊడిపోతున్నాయ్” అని టెన్షన్ మొదలవుతుంది.

కాబట్టి జిగురు ఎంత గొప్పదైనా మీ వెంట్రుక ఆయుష్షుని మించి నిలబెట్టలేదు. రెండు మూడు రోజులకే గుత్తులుగా ఊడితే మాత్రం అది అంటించిన పద్ధతిలో లోపం. రాలిన వాటిని తీసి చూడండి. ఎక్స్‌టెన్షన్‌కి మీ వెంట్రుక కూడా అంటుకుని ఉంటే సహజంగా రాలినట్టు. ఉత్త ఎక్స్‌టెన్షన్ ఒక్కటే వచ్చిందంటే జిగురు పట్టలేదు. అంటించేముందు రెప్ప మీద జిడ్డు ఉండిపోయి ఉండొచ్చు, జిగురు పాతదై ఉండొచ్చు.

జిగురు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. దీని పేరు సయనోయాక్రిలేట్. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ కెమిస్ట్ హ్యారీ కూవర్ బృందం, తుపాకీ గురి చూసే పరికరాలకి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది తగిలింది. తాకినవాటికల్లా అంటుకుపోతోందని పక్కన పెట్టేశారు. ఆ అంటుకునే గుణాన్నే నమ్ముకుని 1958లో జిగురుగా అమ్మకానికి తెచ్చారు. మన ఇంట్లో ఫెవిక్విక్ ఉంది చూశారా, అదీ ఈ కుటుంబానిదే. అలాగని ఫెవిక్విక్‌తో రెప్పలు అంటించుకోవచ్చనుకునేరు! కంటి దగ్గర వాడే వాటిని అందుకోసమే వేరుగా తయారుచేస్తారు. వాటిలోనూ కొన్నిటి నుంచి కొద్దిగా ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది.

ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. అందుకే విశాఖలాంటి ఉక్కపోత ఊళ్ళో చాలా త్వరగా బిగుసుకుంటుంది, హైదరాబాద్ ఎండాకాలంలో ఏసీ గదిలో నెమ్మదిగా ఆరుతుంది. పని తెలిసినవాళ్ళు గదిలో తేమ కొలిచే మీటరు పెట్టుకుంటారు. సెలూన్‌కి వెళ్ళినప్పుడు అది కనిపించిందంటే మంచి గుర్తు. ఆరేటప్పుడు వచ్చే ఆవిరి కంటిని మండిస్తుంది కాబట్టి పని జరిగే గంటన్నర, రెండు గంటలూ కళ్ళు పూర్తిగా మూసుకునే ఉండాలి. మధ్యలో తెరిచి ఫోను చూడకూడదు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళు తీసేసి వెళ్ళాలి. కళ్ళకలక, కంటికురుపు ఉన్నప్పుడు అసలు వెళ్ళకూడదు. కంటికి ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు సరేనన్నాకే.

పని అయ్యాక అద్దంలో రెండు విషయాలు చూసుకోండి. ఎక్స్‌టెన్షన్ మొదలు చర్మాన్ని తాకకూడదు, అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో ఎడం ఉండాలి. రెండోది, చిన్న బ్రష్‌తో దువ్వితే ఎక్కడా చిక్కుకోకూడదు. చిక్కుకుందంటే రెండు మూడు సొంత వెంట్రుకలు కలిసి అంటుకున్నట్టు. వాటిలో ఒకటి పెరుగుతుంటే ఇంకోటి రాలే వయసులో ఉంటుంది. ఒకదాన్నొకటి లాక్కుని నొప్పి పుడుతుంది, కుదుళ్ళు దెబ్బతింటాయి. మొహమాటపడకుండా అక్కడే చెప్పి విడదీయించుకోండి.

ఇక జాగ్రత్తలు. మొదటి 24 గంటలూ తడి తగలనివ్వద్దని ఎక్కువమంది చెబుతారు. ఇప్పుడొచ్చే కొన్ని జిగుర్లు అంతకంటే ముందే గట్టిపడతాయి, కాబట్టి పెట్టిన అమ్మాయి ఎంతసేపు అంటే అంతసేపు. ఆ తర్వాత మాత్రం కడగాలి. ఇది రెండుసార్లు చదవండి. రోజూ కడగాలి.

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. డబ్బు పోసి పెట్టించుకున్నాం, నీళ్ళు తగిలితే ఊడతాయేమో అని ముఖాన్ని బుగ్గల దాకా కడిగి వదిలేస్తారు. రెప్ప అంచున నూనె ఊరే గ్రంథులు వరసగా ఉంటాయి. ఆ నూనె, దుమ్ము, చెమట, పౌడరు, చనిపోయిన చర్మం అన్నీ వెంట్రుకల మొదట్లో పేరుకుంటాయి. ఎక్స్‌టెన్షన్లు ఉంటే ఇంకా ఎక్కువ పేరుకుంటాయి. కొన్నాళ్ళకి రెప్ప అంచు ఎర్రబడి దురద, పొలుసులు, పొద్దున లేవగానే పుసి. దీన్ని డాక్టర్లు బ్లెఫరైటిస్ అంటారు. డెమోడెక్స్ అని కంటికి కనిపించని పురుగు ఒకటుంది, మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. పెద్దవాళ్ళలో చాలామంది రెప్పల మీద మామూలుగానే ఉంటుంది, ఏమీ చెయ్యదు. శుభ్రం లేకపోతే సంఖ్య పెరిగి అల్లరి పెడుతుంది. దురద పుడితే మీరు నలుపుతారు, నలిపితే ఎక్స్‌టెన్షన్లు ఊడతాయి. అంటే ఊడతాయని భయపడి కడగకపోవడం వల్లే ఊడతాయన్నమాట.

కడిగే పద్ధతి పెద్ద కష్టం కాదు. నూనె లేని లాష్ క్లెన్సర్ అని నురుగులాంటిది దొరుకుతుంది. కళ్ళు మూసుకుని, మెత్తటి చిన్న బ్రష్‌తో రెప్ప మొదట్లోంచి కిందికి నెమ్మదిగా రాయాలి, అడ్డంగా రుద్దకూడదు. నీళ్ళు చిలకరించి కడిగేసి, టిష్యూతో అద్దాలి. తువ్వాలు వద్దు, దాని దారాలకి చిక్కుకుంటాయి. ఆరాక మధ్య నుంచి కొసల దాకా దువ్వుకోవాలి. అంతే, రెండు నిమిషాల పని.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బోర్లా పడుకోవద్దు. వాటర్‌ప్రూఫ్ మస్కారా వద్దు, దాన్ని తుడవడానికి వాడే నూనె రిమూవరూ వద్దు. రెప్పలు వంచే కర్లర్ అసలు ముట్టుకోవద్దు, ఎక్స్‌టెన్షన్‌తో పాటు సొంతదీ విరుగుతుంది. కుక్కర్ మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి. జలుబు చేస్తే ఆవిరి పట్టడం కూడా ఆ కొన్నాళ్ళు మానండి.

కాటుక గురించి అడిగారు. అమ్మమ్మ ఆముదం దీపం మీద పట్టి, నెయ్యి కలిపి చేసే కాటుక నాకూ ఇష్టమే. కానీ ఆ జిడ్డు జిగురు దగ్గర చేరితే పట్టు వదులవుతుంది, తుడవడానికి నలిపితే ఇంకా పాడు. ఎక్స్‌టెన్షన్లు ఉన్నన్నాళ్ళూ పై రెప్పకి కాటుక మానేయండి. పెట్టుకోకపోతే పెళ్ళికళ రాదని అమ్మమ్మ అంటే, కింది రెప్పకి సన్నగా ఒక గీత గీయించుకోండి, ఆవిడకీ తృప్తిగా ఉంటుంది.

ఎంత పొడుగు పెట్టించుకోవాలనే దాని మీద నాకో గట్టి అభిప్రాయం ఉంది. మన పై రెప్పవెంట్రుక మామూలుగా 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 2015లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 22 రకాల పాలిచ్చే జంతువుల రెప్పల్ని కొలిచి చూశారు. దాదాపు అన్నిటిలోనూ రెప్పవెంట్రుక పొడవు కంటి వెడల్పులో మూడో వంతు ఉందట. గాలి వీచేలా చేసిన గొట్టంలో కృత్రిమ కన్ను పెట్టి పరీక్షిస్తే, ఆ పొడవు దగ్గరే కంటిమీది తడి తక్కువగా ఆరుతోంది, దుమ్మూ తక్కువగా పడుతోంది. అంతకంటే పొడవైతే వెంట్రుకలే గాలిని కంటిలోకి మళ్ళిస్తున్నాయి. రోజంతా ఏసీలో కంప్యూటర్ ముందు కూర్చుని కళ్ళు పొడిబారుతున్నాయనే మీలాంటివాళ్ళకి ఇది పనికొచ్చే మాట. మీ సొంత వెంట్రుక కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ చాలు. లావుపాటివీ, బరువైనవీ నెలల తరబడి మోయిస్తే కుదుళ్ళు లాగుడికి అలసి, సొంతవి పలచబడతాయి. నలుగురిలో అందంగా కనిపించాలంటే విసనకర్రలు అక్కర్లేదమ్మా!

ఇబ్బంది వచ్చినప్పుడు రెండు రకాలు తేడా తెలియాలి. పెట్టిన రోజే కళ్ళు ఎర్రబడి మండితే ఆవిరి తగిలిందనుకోవచ్చు, సాధారణంగా త్వరలోనే తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత రెప్పలు ఉబ్బి విపరీతంగా దురద పెడితే అది ఎలర్జీ కావచ్చు. ఎలర్జీ ఒకసారి వచ్చిందంటే తర్వాతిసారి సర్దుకోదు, ఇంకా పెరుగుతుంది. అలాంటివాళ్ళు వాటికి దణ్ణం పెట్టి ఊరుకోవాల్సిందే. నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే మందుల షాపులో చుక్కలు కొనుక్కోకుండా నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. జిగురు కంట్లో పడి రెప్పలు అతుక్కుంటే బలవంతంగా విడదీయకూడదు. నీళ్ళతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆన్‌లైన్లో దొరికే ఇంటి కిట్లు నాకు నచ్చనిది ఇందుకే. తన కన్ను తాను మూసుకుని తనకి తాను అంటించుకోవడం ఎలా కుదురుతుంది?

తీయించుకోవడం కూడా సెలూన్లోనే. జిగురుని కరిగించే క్రీము రాసి, కాసేపాగి, నొప్పి లేకుండా తీసేస్తారు. గోళ్ళతో పీక్కుంటే సొంతవీ ఊడొస్తాయి. తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

ఇక మన పెళ్ళికూతురికి. ప్యాచ్ టెస్ట్ పెళ్ళికి పది రోజుల ముందే చేయించు, జిగురు నీకు పడుతుందో లేదో రెండు మూడు వెంట్రుకలకి అంటించి చూస్తారు. పెళ్ళికూతుర్ని చేసే రోజు నూనె, నలుగు, కుంకుడుకాయ పులుసు, కళ్ళు మండి నలుపుకోవడం అన్నీ ఉంటాయి కాబట్టి, అది అయిపోయాకే, ముహూర్తానికి రెండు రోజుల ముందు పెట్టించుకో. పెళ్ళిరోజు మంగళస్నానంలో తల మీద పోసే నూనె కంటిమీదికి జారకుండా నుదుటికి మెత్తటి గుడ్డ కట్టమని అత్తయ్యతో చెబుతాను. తలంబ్రాలప్పుడు పసుపు బియ్యపు గింజ రెప్పలో ఇరుక్కుంటే వేలు పెట్టకు, చెల్లెళ్ళలో ఒకరి చేతిలో ఆ చిన్న బ్రష్ ఉంచు. హోమం పొగ దగ్గర కళ్ళు మండితే మూసుకుని నాలుగుసార్లు ఆర్పు. అప్పగింతలప్పుడు నువ్వెలాగూ ఏడుస్తావు. ఏడిస్తే ఊడవు, చీరకొంగుతో రుద్దితే ఊడతాయి. టిష్యూతో కంటి కింద అద్దుకో చాలు.

చెల్లెళ్ళూ, మీకు ఒక్క రోజు సంబరమే కాబట్టి పట్టీలా అంటించి రాత్రికి తీసేసేవి చాలు. సొంత వెంట్రుకల్నే వంచే లాష్ లిఫ్ట్ ఆరేడు వారాలుంటుంది కానీ అదీ కంటి దగ్గర రసాయనమే, దానికీ ప్యాచ్ టెస్ట్ కావాలి.

ప్యాచ్ టెస్ట్‌కి వెళ్ళే రోజు నాకు ముందుగా చెప్పండి, నేనూ వస్తాను. ఆ జిగురు సీసా ఎప్పుడు తెరిచారో అడగాలి. తెరిచాక నెలా రెండు నెలలకి మించి వాడకూడదు. ట్వీజర్లు ఎలా శుభ్రం చేస్తున్నారో కూడా చూస్తాను. మీరైతే సిగ్గుపడి అడగరు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ