పొగాకు బోర్డు కేంద్రానిది, మిర్చి యార్డు రాష్ట్రానిది: కేంద్ర, రాష్ట్ర అధికారాలపై అపోహలు - వాస్తవాలు

గుంటూరులో లాయర్‌గా నా దగ్గరికి వచ్చే రైతులు, కమీషన్ ఏజెంట్లలో చాలామంది కేంద్రాన్ని పై అధికారి అనీ, రాష్ట్రాన్ని కింది ఉద్యోగి అనీ అనుకుంటారు. ఆ లెక్కన చిన్న ఫిర్యాదు కూడా ఢిల్లీకి రాసి, జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. అది చూస్తే బాధేస్తుంది.

అపోహ: ఏ విషయంలోనైనా కేంద్రం మాటే చెల్లుతుంది.

చెల్లదు. ఎవరు దేని మీద చట్టం చేయాలో రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోని మూడు జాబితాలు (కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి) చెబుతాయి. సంతలు, మార్కెట్లు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. మన మిర్చి యార్డు నడిచేది 1966 నాటి రాష్ట్ర మార్కెట్ల చట్టం కింద. టిక్కీల (మిర్చి బస్తాల) తూకంలో తేడా వచ్చినా, కమీషన్ ఎక్కువ కోసినా మార్కెట్ కమిటీని, మార్కెటింగ్ శాఖను అడగాలి. అదే మిర్చి ఎగుమతి నిబంధనలైతే కేంద్రానివి. ఇద్దరూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో మాత్రం, రెండు చట్టాలు ఢీకొంటే సాధారణంగా కేంద్ర చట్టమే నిలుస్తుంది. 1976లో 42వ సవరణతో విద్య, అడవులు ఆ జాబితాలోకి వెళ్లాయి. రాష్ట్రాలకు అది పెద్ద నష్టమే అని నా అభిప్రాయం.

అపోహ: పొగాకు బోర్డు కేంద్రానిది కాబట్టి పొగాకు మీద రాష్ట్రానికి హక్కే లేదు.

బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉండటంతో ఇది ఇక్కడ బాగా పాతుకుపోయింది. బోర్డు 1975 నాటి కేంద్ర చట్టంతో వచ్చిన మాట నిజమే. పొగాకు పరిశ్రమ నియంత్రణ కేంద్రం చేతిలోకి వెళ్లింది కాబట్టి పొగాకు ఆకు అమ్మకం మీద రాష్ట్రం మార్కెట్ ఫీజు వేయకూడదని 1985లో సుప్రీంకోర్టు కూడా అంది. బీహార్ నుంచి వచ్చిన, సిగరెట్ల కంపెనీ ఐటీసీ కేసులో 2002లో రాజ్యాంగ ధర్మాసనం 3-2 మెజారిటీతో ఆ తీర్పును పక్కనపెట్టింది. పరిశ్రమ అంటే తయారీ. ముడి ఆకు కొనుగోలు, అమ్మకం అందులోకి రావని, రాష్ట్ర చట్టం కింద ఫీజు చెల్లుతుందని తేల్చింది. ఇద్దరు జడ్జీలు విభేదించారంటేనే గీత ఎంత సన్నగా ఉందో తెలుస్తుంది. నా లెక్కలో మెజారిటీదే సరైన దారి. లేకపోతే పరిశ్రమ పేరుతో పొలం దాకా అంతా ఢిల్లీకే పోయేది.

అపోహ: అసెంబ్లీ వద్దంటే రాష్ట్ర విభజన చెల్లదు.

3వ అధికరణం ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, అంతే. ఒప్పుకోవాలని లేదు. 2014 జనవరిలో మన అసెంబ్లీ బిల్లును తిప్పికొట్టింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. శాసన మండలిది ఇంకో కథ. రద్దు కోరుతూ 2020లో అసెంబ్లీ తీర్మానం చేసినా, పార్లమెంటు చట్టం చేయకపోవడంతో మండలి అలాగే ఉంది. 2021లో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకున్నారు.

అపోహ: కేంద్ర పన్నులన్నిట్లో 41 శాతం రాష్ట్రాలకు వస్తుంది.

2021-26కి 15వ ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం, పంచుకునే పన్నులకే వర్తిస్తుంది. ఆ ఐదేళ్లకు అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. సెస్సులు, సర్‌చార్జీలు ఆ లెక్కలోకి రావు. పెట్రోలు మీద మూల ఎక్సైజ్ సుంకం పెరిగితే రాష్ట్రాలకు వాటా ఉంటుంది, సెస్సు పెరిగితే ఉండదు. పెట్రోలు సుంకం పెరిగిందని బడ్జెట్ వార్తల్లో వస్తే, పెరిగింది ఈ రెంటిలో ఏదో చూడండి.