ఆర్‌సీ హెలికాప్టర్ తోక: గైరో, సర్వోల జోడీపై అపోహలు - వాస్తవాలు

రేడియో కంట్రోల్ హెలికాప్టర్లు కొత్తగా ఎగరేసేవాళ్లు నా బల్ల దగ్గరకు తెచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం తోకకు సంబంధించినవే. తోక ఒకచోట నిలవడం లేదంటారు, వణుకుతోందంటారు, ఖరీదైన గైరో కొని బిగించినా అలాగే ఉందంటారు. విప్పి చూస్తే చాలాసార్లు గైరోలో లోపం ఉండదు, సర్వోలోనూ ఉండదు. ఆ రెండింటికీ పొత్తు కుదిరి ఉండదు.

పైన పెద్ద రోటర్ ఒకవైపు తిరుగుతుంటే హెలికాప్టర్ శరీరం రెండోవైపు తిరగబోతుంది. దాన్ని ఆపేది తోక రోటర్. పై రోటర్ బ్లేడ్ల కోణం మార్చే కలెక్టివ్ స్టిక్‌ను కాస్త పైకి నెట్టినా, కిందికి లాగినా ఆ మెలితిప్పే బలం మారిపోతుంది. మనం గమనించి రడ్డర్ స్టిక్ కదిపేలోపే ముక్కు పక్కకు తిరిగిపోతుంది. అందుకే గైరో కావాల్సి వచ్చింది. ముక్కు ఎంత వేగంతో తిరుగుతోందో అది కనిపెట్టి టెయిల్ సర్వోకు, అంటే తోకను కదిపే చిన్న మోటారు పెట్టెకు, ఆజ్ఞ పంపుతుంది, సర్వో తోక బ్లేడ్ల పిచ్ (కోణం) మారుస్తుంది. ఆ ఆజ్ఞ సర్వోకు అర్థం కాకపోయినా, అందుకుని కదలడంలో ఆలస్యమైనా గైరో ఎంత మంచిదైనా చేయగలిగింది లేదు.

అపోహ: డిజిటల్ సర్వో అయితే చాలు, ఏ గైరోకైనా పెట్టుకోవచ్చు.

నాకు తెలిసి టెయిల్ సర్వోలను ఎక్కువగా కాల్చిన నమ్మకం ఇదే. కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

గైరో నుంచి సర్వోకు వెళ్లేది చిన్న విద్యుత్ పల్స్. ఆ పల్స్ ఎంతసేపు ఉందన్న దాన్నిబట్టి ఆర్మ్ (సర్వో మీద తిరిగే చిన్న చేయి) ఏ కోణంలో నిలవాలో సర్వో తెలుసుకుంటుంది. మామూలు సర్వోలకు మధ్య స్థానం అంటే 1520 మైక్రోసెకన్ల పల్స్. కొన్ని కంపెనీలు 1500 అంటాయి, ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. కానీ ఫుటాబా సంస్థ తన జీవై601, జీవై611 గైరోల కోసం తెచ్చిన ఎస్9251, ఎస్9256 సర్వోలకు మధ్య స్థానం 760 మైక్రోసెకన్లు. ఆ తర్వాత ఇతర కంపెనీలు కూడా 760 టెయిల్ సర్వోలు తయారు చేశాయి. 960 వాడేవి కూడా కొన్ని ఉన్నాయి. చిక్కల్లా ఎక్కడంటే, వీటన్నింటి మూడు తీగల ప్లగ్ ఒకేలా ఉంటుంది. దేన్ని దేనికి తగిలించినా చక్కగా దిగుతుంది.

ఒకసారి ఒక మిత్రుడు ఎవరి దగ్గరో కొన్న పాత 760 సర్వోను, 1520కి పెట్టి ఉన్న గైరోకు కలిపి తెచ్చాడు. బ్యాటరీ పెట్టగానే సర్వో ఆర్మ్ ఒక్క ఉదుటున ఓ చివరికి వెళ్లి అక్కడే బిగుసుకుపోయింది. దోమ చెవి దగ్గరకు వచ్చినప్పటిలా సన్నని రొద మొదలైంది. వేలు పెట్టి చూస్తే కేసు గోరువెచ్చగా ఉంది, మరికొన్ని క్షణాలకు వేలు ఆనించలేనంత వేడెక్కింది. ప్లగ్ లాగేసరికే కాలిన వార్నిష్ వాసన వచ్చింది. 760 దగ్గర మధ్యలో నిలవాల్సిన సర్వోకు దానికి రెట్టింపు నిడివి ఉన్న పల్స్ అందింది. ఇంకా పక్కకు, ఇంకా పక్కకు వెళ్లమన్న ఆజ్ఞగానే అది తీసుకుంది. వెళ్లడానికి చోటు లేక మోటారు అక్కడే కాలిపోయింది. అది మంచి సర్వో. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

రెండో సంగతి ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని పల్సులు వెళ్తాయన్నది. అనలాగ్ సర్వోలు సెకనుకు 50 పల్సులకు తగ్గట్టు తయారైనవి. డిజిటల్ టెయిల్ సర్వోలలో చాలావాటికి 333 వరకు ఇవ్వవచ్చు. అన్నింటికీ కాదు. పెట్టె మీద డిజిటల్ అని ఉన్నా 250 దాటితే వేడెక్కేవి ఉన్నాయి. ఫుటాబా జీవై401 గైరో మీద డీఎస్ (డిజిటల్ సర్వో) అని రాసిన చిన్న స్విచ్ ఉండేది ఇందుకే. అనలాగ్ సర్వో తగిలించి ఆ స్విచ్ ఆన్ చేస్తే సర్వో మీద ఆశ వదులుకోవాల్సిందే.

నా పద్ధతి చెబుతాను. ముందు సర్వో కాగితం తీసి పల్స్ నిడివి, గరిష్ఠ ఫ్రేమ్ రేటు, వోల్టేజీ చూస్తాను. గైరోలో ఆ విలువలు పెట్టాక, అప్పుడే సర్వో ప్లగ్ కలుపుతాను. సర్వో కదలికను తోకకు చేర్చే పుష్ రాడ్‌ను ఆర్మ్ నుంచి ముందే విడదీస్తాను. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఒక చెయ్యి బ్యాటరీ ప్లగ్ మీదే ఉంటుంది. వివరాలు ఎక్కడా దొరకని సర్వోను తోకకు వాడను.

అపోహ: హెర్ట్జ్ ఎంత పెంచితే అంత మంచిది.

హెర్ట్జ్ అంటే సెకనుకు వెళ్లే పల్సుల సంఖ్య. చిన్న లెక్క చూడండి. సెకనుకు 333 పల్సులంటే ఒక్కో పల్సుకు దొరికే చోటు 3,000 మైక్రోసెకన్లు. 1520 సర్వో చివరి వరకు తిరిగినప్పుడు పల్స్ సుమారు 2,100కు చేరుతుంది, సరిపోతుంది. అదే 560 హెర్ట్జ్ అయితే దొరికే చోటు 1,790 లోపే. 2,100 అందులో ఎలా పడుతుంది? పట్టదు. అందుకే 560 అన్నది 760 సర్వోలకే చెల్లుతుంది. పల్సును సగానికి కుదించడంలోని ఉద్దేశమే ఎక్కువ పల్సులకు చోటు చేయడం.

అపోహ: గైరో ఖరీదైనదైతే సర్వో మామూలుదైనా పర్వాలేదు.

డబ్బు పరిమితంగా ఉంటే ముందు సర్వో మీదే పెట్టమంటాను. దీన్ని కొందరు ఒప్పుకోరు, నేను మాత్రం మార్చుకోను. 60 డిగ్రీలు తిరగడానికి మామూలు సర్వో 0.20 సెకన్లు తీసుకుంటే, ఫుటాబా ఎస్9254 లాంటి టెయిల్ సర్వో 0.06 సెకన్లు తీసుకుంటుంది. అంటే సెకనుకు 1,000 డిగ్రీల వేగం. ఇంత వేగం ఉన్న సర్వోకు 50 హెర్ట్జ్‌తో ఆజ్ఞలు పంపితే రెండు ఆజ్ఞల మధ్య అది 20 డిగ్రీలు తిరిగేయగలదు. తిరిగి, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తూ ఆగుతుంది. 333 హెర్ట్జ్ దగ్గర అదే విరామంలో తిరిగేది 3 డిగ్రీలే, కాబట్టి కదలిక నునుపుగా సాగుతుంది. జోడీ కుదరడమంటే ఇదే.

సర్వో నిదానంగా ఉంటే ఏమవుతుంది? గైరో దిద్దమంటుంది, ముక్కు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, గైరో ఇంకాస్త గట్టిగా దిద్దమంటుంది. ఆ ఆజ్ఞలన్నీ అమలయ్యేసరికి ముక్కు ఆగాల్సిన చోటు దాటి రెండోవైపు వెళ్తుంది. అక్కడి నుంచి మళ్లీ వెనక్కి. నిదానం సర్వోలతో ఈ ఊగిసలాటను తగ్గించడానికే కొన్ని గైరోలలో డిలే అనే సర్దుబాటు ఉంటుంది. చురుకైన డిజిటల్ సర్వోకు దాన్ని సున్నా దగ్గర ఉంచాలి.

అపోహ: ఆర్మ్ ఎంత పొడవుంటే తోక అంత చురుకు.

పొడవాటి ఆర్మ్, తోక బ్లేడ్ల కోణం మార్చే స్లైడర్‌ను వేగంగా కదుపుతుంది, నిజమే. కానీ సర్వో ఒక్క డిగ్రీ తిరిగినా స్లైడర్ ఎక్కువ దూరం జరుగుతుంది కాబట్టి సన్నని దిద్దుబాట్లు పోతాయి, సర్వో గేర్లలోని చిన్న వదులు కూడా పెద్దదై కనిపిస్తుంది, బలం తగ్గుతుంది. జీవై401, ఎస్9254 జోడీకి పెద్ద హెలికాప్టర్లలో పుష్ రాడ్ తగిలే బాల్‌ను ఆర్మ్ మధ్య నుంచి 13.5 మిల్లీమీటర్ల దగ్గర బిగించేవారు. మీ హెలికాప్టర్‌కు ఎంతన్నది గైరోలోని లిమిట్ (సర్వో ఎంత దూరం తిరగాలో నిర్ణయించే సర్దుబాటు) విలువే చెబుతుంది. స్లైడర్ రెండు చివరలకూ ఒత్తుకోకుండా చేరేలా లిమిట్ సర్దండి. ఆ విలువ 100 దగ్గరలో ఉంటే ఆర్మ్ సరైనదే. 60కి పడిపోయిందా, బాల్‌ను లోపలి రంధ్రంలోకి మార్చండి. 120 దాటిందా, బయటి రంధ్రంలోకి.

అపోహ: తోక వణికితే గెయిన్ తగ్గించాలి.

గెయిన్ అంటే గైరో ఎంత గట్టిగా దిద్దాలో నిర్ణయించే సర్దుబాటు. ముందు ఆ వణుకు ఎలాంటిదో చూడాలి. వేగంగా, సన్నగా టకటకా కొట్టుకుంటే గెయిన్ ఎక్కువై ఉండవచ్చు. రోటర్ వేగం పెంచినప్పుడు అదే గెయిన్ ఎక్కువైపోతుంది కాబట్టి, ఒక వేగానికి సరిపోయిన విలువ మరో వేగానికి సరిపోదు. అలా కాకుండా తోక నిదానంగా, బరువుగా అటూ ఇటూ ఊగుతుంటే గెయిన్ జోలికి వెళ్లకండి. అది చాలావరకు రాపిడి వల్ల, లేదా లింకుల వదులు వల్ల వచ్చేది.

పరీక్ష సులువు. పుష్ రాడ్‌ను సర్వో నుంచి విడదీసి, హెలికాప్టర్ ముక్కు నేలవైపు ఉండేలా ఎత్తిపట్టండి. రాడ్, స్లైడర్ తమ బరువుకే జారిపోవాలి. ఎక్కడో పట్టి ఆగితే రాడ్‌ను రెండు వేళ్లతో మెల్లగా అటూ ఇటూ లాగి చూడండి. ఇసుక నలిగినట్టు గరగర తగిలితే స్లైడర్‌లో దుమ్ము చేరింది. ఒక్కచోటే పట్టి, దాటాక తేలిగ్గా పోతుంటే రాడ్ వంగిందో, దాన్ని పట్టి ఉంచే గైడ్ పక్కకు తిరిగిందో అయి ఉంటుంది. మొదలుపెట్టే క్షణంలో మాత్రమే బిగువుగా ఉంటే ప్లాస్టిక్ బాల్ లింక్ బిగుతైంది. బాల్ మీద ఉంచి లింక్‌ను పట్టకారుతో సుతారంగా ఒకసారి నొక్కితే వదులవుతుంది, గట్టిగా నొక్కితే పాడవుతుంది. నేను చూసిన ‘గైరో పాడైంది’ కేసుల్లో ఎన్నో ఈ బాల్ లింక్ దగ్గరే తేలాయి.

మరో మాట. నిటారుగా వేగంగా ఎక్కేటప్పుడు మాత్రమే తోక పట్టు తప్పి పక్కకు తిరిగిపోతుంటే అది గెయిన్ సమస్య కాదు. తోక రోటర్‌కు ఆ బలాన్ని ఆపే శక్తి చాలడం లేదు. పెద్ద తోక బ్లేడ్లు, రోటర్ వేగం, లిమిట్ చూడండి.

అపోహ: హెడింగ్ హోల్డ్‌లో తోక జరుగుతుంటే ట్రిమ్‌తో సరిచేయాలి.

హెడింగ్ హోల్డ్ అంటే ముక్కు దిశను గైరోనే పట్టి ఉంచే మోడ్. అందులో రడ్డర్ చానల్ నుంచి వచ్చే ప్రతి సంకేతాన్నీ గైరో ‘ఇంత వేగంతో తిరుగు’ అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. ట్రిమ్ (స్టిక్ మధ్య స్థానాన్ని కాస్త జరిపే సర్దుబాటు) కదిపితే నెమ్మదిగా తిరుగుతూనే ఉండమని చెప్పినట్టు. ట్రాన్స్‌మిటర్‌లో రివల్యూషన్ మిక్సింగ్ (కలెక్టివ్‌తో పాటు తోకనూ కదిపే సర్దుబాటు) ఉంటే అదీ ఆపేయాలి, లేకపోతే కలెక్టివ్ కదిపిన ప్రతిసారీ ముక్కు తిరుగుతుంది. సరైన దారి వేరు. గైరోను రేట్ మోడ్‌లో (దిశను పట్టి ఉంచకుండా తిరిగే వేగాన్ని మాత్రమే అణిచే మోడ్) పెట్టి, స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు సర్వో ఆర్మ్ రాడ్‌కు 90 డిగ్రీల్లో ఉండేలా బిగించి, గాల్లో ఒకచోట నిలిపినప్పుడు ముక్కు తిరగకుండా పుష్ రాడ్ పొడవు సరిచేసుకోవాలి. తర్వాతే హెడింగ్ హోల్డ్.

అపోహ: బల్ల మీద స్టిక్ వదిలినా సర్వో మధ్యకు రావడం లేదంటే గైరో పాడైనట్టే.

హెడింగ్ హోల్డ్‌లో అది సహజం. తిరగమన్న హెలికాప్టర్ బల్ల మీద తిరగలేదు కదా, గైరో ఇంకా ప్రయత్నిస్తూనే ఉంటుంది.

అపోహ: వోల్టేజీ పెంచితే సర్వో వేగం ఊరికే వస్తుంది.

ఎస్9254 తరం సర్వోలు 4.8 వోల్టులకు తయారైనవి. రెండు సెల్లుల లైపో బ్యాటరీ వచ్చాక బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి సర్వోలకు ఇచ్చే పరికరం) నుంచి 6 వోల్టులు నేరుగా ఇచ్చినవాళ్లు కొన్నాళ్లు సంతోషించి, తర్వాత సర్వోలు మార్చుకున్నారు. టెయిల్ సర్వోకు విడిగా 5.1 వోల్టుల స్టెప్ డౌన్ పెట్టే అలవాటు అలా వచ్చింది. ఇప్పుడు హెచ్‌వీ (హై వోల్టేజీ) సర్వోలు 7.4 వోల్టులు తట్టుకుంటాయి, కానీ కాగితం మీద ఆ మాట ఉంటేనే.

అపోహ: ఫ్లైబార్‌లెస్ యూనిట్ ఉంటే ఇవేవీ చూడనక్కర్లేదు.

ఫ్లైబార్‌లెస్ యూనిట్ అంటే పై రోటర్ మీది స్థిరత్వపు కడ్డీ (ఫ్లైబార్) పనిని ఎలక్ట్రానిక్స్‌తో చేసే పెట్టె. అది వీబార్ అయినా, మైక్రోబీస్ట్ అయినా లోపల మూడు దిశలకూ గైరోలే. టెయిల్ సర్వో పల్స్ నిడివి, ఫ్రేమ్ రేటు మీరే ఎంచుకోవాలి. తప్పు ఎంచుకుంటే వాటితోనూ సర్వో కాలుతుంది.

ఎండ సంగతి కూడా చెప్పాలి, ముఖ్యంగా మే నెలలో విజయవాడ, రామగుండం లాంటి చోట్ల ఎగరేసేవాళ్లకు. గైరోలోని సెన్సార్ వేడికి స్పందిస్తుంది, పాత పీజో రకాలు మరీ ఎక్కువ. ఏసీ కారులోంచి తీసి వెంటనే కరెంటు ఇస్తే, చల్లగా ఉన్నప్పుడు అది నిర్ణయించుకున్న సున్నా కాసేపట్లో జరిగిపోతుంది, తోక మెల్లగా ఒకవైపు పోతుంది. పది నిమిషాలు చెట్టు నీడలో ఉంచి, ఆ తర్వాత బ్యాటరీ కలపండి. కలిపిన మొదటి కొన్ని సెకన్లు హెలికాప్టర్‌ను ముట్టుకోవద్దు.

గైరో గానీ, సర్వో గానీ మార్చిన ప్రతిసారీ మొదటి ఎగురుడుకు ముందు నేను దిశ చూస్తాను. మోటారు తీగలు విడదీసి, రడ్డర్ స్టిక్ కుడికి నెట్టి స్లైడర్ ఎటు కదిలిందో గుర్తుపెట్టుకుంటాను. తర్వాత హెలికాప్టర్‌ను చేతుల్లోకి తీసుకుని ముక్కును చటుక్కున ఎడమకు తిప్పుతాను. స్లైడర్ ఇందాక కదిలిన వైపే కదలాలి. ఎదురు వైపు కదిలిందంటే గైరో తోకను ఆపదు, తనే తిప్పుతుంది. హెలికాప్టర్ నేల వదిలిన మరుక్షణం బొంగరంలా తిరిగి మీద పడుతుంది. ఈ బ్లేడ్ల వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. గైరోలో దిశ మార్చి, మళ్లీ చూసి, అప్పుడు మాత్రమే మోటారు తీగలు కలపండి.