గట్టి పాస్‌వర్డే, కానీ అన్నిచోట్లా అదే: అపోహలు, వాస్తవాలు

చేజారిన అకౌంట్లను తిరిగి రాబట్టడం చాలా ఏళ్లుగా నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అజాగ్రత్త మనుషులేం కారు. ఎవరో చెప్పిన జాగ్రత్తలన్నీ తు.చ. తప్పకుండా పాటించినవాళ్లే. ఆ జాగ్రత్తలకే కాలం చెల్లింది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "నా పాస్‌వర్డ్ ఎవరూ ఊహించలేరు, అందుకే అన్నిటికీ అదే పెట్టుకున్నాను."

నేను చూసే నష్టాల్లో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. మీ లాగిన్ పేజీ ముందు కూర్చుని ఒక్కో పాస్‌వర్డూ కొట్టి చూసే దొంగ అరుదు. వాళ్లు ఏదో ఒక సైట్ మీద పడి అందరివీ ఒకేసారి ఎత్తుకుపోతారు. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి ఇలా 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు పోయాయి. వాటిని హ్యాష్ కూడా చేయకుండా, అంటే తిరిగి విప్పడానికి వీల్లేని గజిబిజి అక్షరాలుగా మార్చకుండా, ఉన్నవి ఉన్నట్టే దాచారు. అలాంటి చోట మీది నాలుగక్షరాలదైనా ఇరవై అక్షరాలదైనా ఒకటే. దొరికిన మెయిల్, పాస్‌వర్డ్ జతలను ప్రోగ్రాములు మిగతా సైట్లన్నిటిలో వరసగా పెట్టి చూస్తాయి.

పోయిన సంగతి మనకు వెంటనే తెలుస్తుందనీ లేదు. 2012లో లింక్‌డ్‌ఇన్ నుంచి పోయినవి 65 లక్షలే అనుకున్నారు. 2016లో దాదాపు 11.7 కోట్ల అకౌంట్ల వివరాలు అమ్మకానికి వచ్చాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు, ఇక్కడ నాలుగేళ్లు పట్టింది.

ఒక పెద్దాయన సంగతి చెప్తాను. పన్నెండు అక్షరాల మంచి పాస్‌వర్డ్ ఆయనది. ఎప్పుడో వాడి వదిలేసిన సైట్‌లోనూ, మెయిల్‌కూ అదే. మెయిల్ దొంగ చేతిలో పడింది. ఆయన పాస్‌వర్డ్ మార్చి ఊపిరి పీల్చుకున్నారు, అయినా అకౌంట్లు ఒక్కొక్కటే పోతూనే ఉన్నాయి. సెట్టింగ్స్ తెరిచి చూస్తే, వచ్చే ప్రతి మెయిల్ కాపీ ఇంకో అడ్రస్‌కు ఫార్వర్డ్ అయ్యేలా దొంగ పెట్టిపోయాడు. "పాస్‌వర్డ్ మర్చిపోయారా" లింకులన్నీ నేరుగా వాడికే అందాయి. కాబట్టి మెయిల్ చిక్కిందంటే పాస్‌వర్డ్ మార్చడంతో ఆగకండి. ఫార్వర్డింగ్, రికవరీ ఫోన్ నంబరు, లాగిన్ అయి ఉన్న డివైజ్‌లు, మూడూ చూడండి. మెయిల్ పాస్‌వర్డ్ మాత్రం ఇంకెక్కడా వాడనిదై ఉండాలి. దీని దగ్గర నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

అపోహ: "గుర్తులు, అంకెలు కలిపితే చాలు, గట్టి పాస్‌వర్డే."

‘ఎ’ బదులు @, ‘ఓ’ బదులు 0, చివర పుట్టిన సంవత్సరం. ఈ కిటుకులన్నీ పాస్‌వర్డ్‌లు ఛేదించే సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడో చేరాయి. బలం పొడవులో ఉంది. ఎనిమిది చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో సుమారు 20,900 కోట్ల కూర్పులు వస్తాయి. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ సైట్ వాళ్లు ఎండీ5 లాంటి పాత హ్యాష్ వాడి ఉంటే, మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి వాటన్నిటినీ కొద్ది సెకన్లలో చూసేస్తుంది. ఒక్క అక్షరం పెంచితే పని 26 రెట్లవుతుంది.

గుర్తుంచుకోక తప్పని పాస్‌వర్డ్‌కు నేను చెప్పే పద్ధతి డైస్‌వేర్. 7,776 పదాల జాబితా ఉంటుంది, పాచికను ఐదుసార్లు వేస్తే ఒక పదం తేలుతుంది. అలా ఐదారు పదాలు తీసుకోండి. మీకు తోచిన పదాలు పెట్టకండి. మనిషికి తోచేది ఇంకో మనిషికీ తోస్తుంది.

అపోహ: "మూడు నెలలకోసారి మార్చాల్సిందే."

ఈ నియమం అంతటా పాకడానికి ఒక కారణం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000ల మొదట్లో ఇచ్చిన మార్గదర్శకాలు. వాటిని రాసిన బిల్ బర్, అందులో చాలా భాగానికి చింతిస్తున్నానని 2017లో చెప్పారు. అదే ఏడాది నిస్ట్ కూడా ఆ సలహా మార్చుకుంది. మార్చమని బలవంతం చేస్తే జనం చివరి 1 తీసి 2 పెడతారు, అంతే. లీకైందని తెలిసిన రోజు మాత్రం వెంటనే మార్చండి. సైబర్ భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013 నుంచి నడుపుతున్న హ్యావ్ ఐ బీన్ పౌన్డ్ సైట్‌లో మీ మెయిల్ అడ్రస్ ఇస్తే, బయటపడ్డ ఏయే లీకుల్లో అది ఉందో చూపిస్తుంది.

అపోహ: "పాస్‌వర్డ్ మేనేజర్‌లో అన్నీ ఒకేచోట పెడితే, అదే పోతే?"

న్యాయమైన భయమే. మేనేజర్ అంటే మీ పాస్‌వర్డ్‌లన్నీ దాచి, సైట్ తెరిచినప్పుడు తానే నింపే యాప్. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి కస్టమర్ల వాల్ట్‌ల, అంటే పాస్‌వర్డ్‌లు దాచిన పెట్టెల, కాపీలు పోయాయి. లోపలి పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి కాబట్టి ఆ పెట్టెను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ పొడవుగా, ఇంకెక్కడా వాడనిదిగా ఉన్నవాళ్లకు రక్షణ మిగిలింది. చిన్నది పెట్టుకున్నవాళ్లకే అసలు ప్రమాదం. అయినా నేను మేనేజరే వాడమంటాను. వంద అకౌంట్లకు వంద వేరువేరు పాస్‌వర్డ్‌లు ఏ బుర్రలోనూ పట్టవు. పైగా అచ్చం అసలుదానిలా ఉన్న నకిలీ పేజీ మనల్ని మోసం చేయొచ్చు గానీ, అడ్రస్ కలవకపోతే మేనేజర్ పాస్‌వర్డ్ నింపదు. ఎప్పుడూ నింపేది ఈసారి నింపలేదంటే, చేత్తో టైప్ చేసే ముందు ఆగి అడ్రస్ చదవండి.

అపోహ: "కాగితం మీద రాయడం మహాపాపం."

ఇంట్లో బీరువాలో దాచిన పుస్తకాన్ని ఇంటర్నెట్ దొంగ చూడలేడు. ఆఫీసులో కీబోర్డు కింద చీటీ మాత్రం వద్దు.

అపోహ: "ఓటీపీ ఉందిగా, ఇక భయం లేదు."

ఓటీపీ తప్పకుండా పెట్టుకోండి. కానీ నకిలీ పేజీ పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీనీ అడుగుతుంది, మీరు కొట్టిన మరుక్షణమే దాన్ని అసలు సైట్‌లో వాడేస్తుంది. పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళంచెవి పాస్‌కీ. దానితో ఈ మోసం సాగదు. అది ఏ సైట్‌కు తయారైందో ఆ సైట్‌కే పనిచేస్తుంది, టైప్ చేసి ఇంకొకరికి ఇవ్వడానికి అందులో ఏమీ ఉండదు. ఉన్నచోటల్లా ఆన్ చేసుకోండి. ఆన్ చేసిన రోజే, ఫోన్ పోయినా పనికొచ్చేలా సైట్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను ఆ బీరువాలో పుస్తకంలోనే రాసిపెట్టండి.