డాబా మీది టెలిస్కోపుతో ఇన్‌ఫ్రారెడ్: అపోహలు - వాస్తవాలు

అంతరిక్షంలోని జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటోలు వచ్చినప్పటి నుంచి "మన టెలిస్కోపుతో ఇన్‌ఫ్రారెడ్ (ఎరుపుకు అవతల, కంటికి కనిపించని పరారుణ కాంతి) చూడొచ్చా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చూడొచ్చు. కాకపోతే ఏ గ్రహంలో ఏం చూడాలో, దానికి ఏ తరంగదైర్ఘ్యం కావాలో తేల్చుకున్నాకే ఫిల్టర్ (కావాల్సిన కాంతిని మాత్రమే వదిలే గాజు) కొనండి. చాలామంది ముందు ఫిల్టర్ కొని, తర్వాత పని వెతుక్కుంటున్నారు.

అపోహ: ఇన్‌ఫ్రారెడ్ అంటే అంతరిక్షానికో, కొండల పైకో వెళ్లాల్సిందే.

తరంగదైర్ఘ్యం బాగా ఎక్కువున్న దూర పరారుణ కిరణాల విషయంలో ఇది నిజమే. గాలిలోని నీటి ఆవిరి వాటిని మింగేస్తుంది. అందుకే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు 100 సెంటీమీటర్ల టెలిస్కోపును బెలూన్‌కు కట్టి మన హైదరాబాద్ నుంచే పైకి పంపేవారు. మనం పనిచేసేది మాత్రం 700 నుంచి 1,100 నానోమీటర్ల మధ్య. టెలిస్కోపుకు తగిలించే మామూలు కెమెరాలోని సిలికాన్ సెన్సర్‌కు అంతకు మించి కనిపించదు. ఈ మేరకు ఊళ్లోని డాబా చాలు.

అపోహ: మనం తీసే ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల్లో కనిపించేది వేడి.

దాదాపు అన్నిట్లోనూ కనిపించేది గ్రహం మీద పడి తిరిగొచ్చిన ఎండే. శుక్రుడి చీకటి వైపు ఒక్కటే మనకు అందే మినహాయింపు. అక్కడి నేల సుమారు 460 డిగ్రీల సెల్సియస్‌తో కాలుతూ ఉంటుంది. ఆ వెలుగులో కొంత 1,000 నానోమీటర్ల దగ్గర మేఘాలు దాటి బయటికొస్తుంది. ఎత్తైన ప్రాంతాలు కాస్త చల్లగా ఉంటాయి కాబట్టి మసకగా కనిపిస్తాయి. దీనికి శుక్రుడు సన్నని నెలవంకగా ఉండాలి, ఆకాశం చీకటి పడాలి, గ్రహం ఇంకా దిగిపోకుండా ఉండాలి. శుక్రుడు భూమికీ సూర్యుడికీ మధ్యకు వచ్చేది సుమారు 584 రోజులకోసారి. దానికి ముందూ వెనకా కొన్ని వారాలే అవకాశం. క్యాలెండర్ చూడకుండా మొదలుపెడితే ఏడాదిన్నర ఆగాలి.

అపోహ: తరంగదైర్ఘ్యం పెరిగితే వివరం పెరుగుతుంది.

గాలి కదలిక ప్రభావం తగ్గుతుంది, అంతవరకే. టెలిస్కోపు విడదీయగల సూక్ష్మత తగ్గిపోతుంది. 8 అంగుళాల వ్యాసమున్న టెలిస్కోపు ఆకుపచ్చ కాంతిలో 0.7 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు; ఎంత తక్కువైతే అంత సూక్ష్మం) దాకా విడదీస్తే, 889 నానోమీటర్లలో 1.1 దగ్గరే ఆగుతుంది. గాలి నిలకడగా ఉన్న రాత్రి ఆకుపచ్చే మేలు.

మరి 889 ఎందుకంటారా? అది మీథేన్ గీత, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. గురుడి వాతావరణంలోని మీథేన్ ఆ కాంతిని పీల్చేస్తుంది. లోతుకు దిగిన ఎండ తిరిగిరాదు, పైనున్న మేఘాలకు తగిలింది మాత్రమే వస్తుంది. లాప్‌టాప్ తెర మీద గురుడు నల్లబడిపోయి, దాని మీది పెద్ద ఎర్రమచ్చ అనే తుఫాను తెల్లగా మెరుస్తుంది. తెలుపు ఉన్నచోట మేఘం ఎత్తులో ఉన్నట్టు! కాంతి చాలా తక్కువ కాబట్టి 8 అంగుళాలకు తగ్గకుండా ఉంటే మంచిది. గురుడు పది గంటల్లోపే తన చుట్టూ తాను ఒక చుట్టు తిరుగుతాడు, వివరాలు చెదిరిపోకుండా వీడియో కొన్ని నిమిషాలకు మించనివ్వకండి.

అపోహ: కలర్ కెమెరా పనికిరాదు.

850 నానోమీటర్లు దాటాక పిక్సెళ్ల మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు మూడూ ఇంచుమించు ఒకేలా కాంతిని వదులుతాయి. కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకునే గాజు లేకపోతే చాలు.

మబ్బుల్లోంచి కూడా కనిపిస్తుందనేది మరో అపోహ. పల్చటి పొగమంచు వరకు కొంత నయం, మబ్బు పడితే సామాను సర్దుకోవడమే.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను: ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ కంటికి నల్లగా కనిపిస్తుంది కదా అని దాంతో సూర్యుణ్ని చూడకండి. అది ఆపేది మనకు కనిపించే వెలుగును, వదిలేది కనిపించని కిరణాలను. రెటీనా కాలినా నొప్పి తెలియదు. పిల్లలు దగ్గరుంటే ఆ ఫిల్టర్ డబ్బాలోనే ఉంచండి.

లెన్స్ టెలిస్కోపు అయితే ఫిల్టర్ పెట్టాక మళ్లీ ఫోకస్ చేయాలి. ప్రతి ఇన్‌ఫ్రారెడ్ వీడియోకు వెంటనే ఒక మామూలు రంగుల వీడియో కూడా తీసి, ఫైల్ పేరులోనే ఫిల్టర్, యూటీ (ప్రపంచమంతా ఒకటే అయిన యూనివర్సల్ టైమ్) సమయం రాసుకోండి.